గవిబావిలో జానెడు గాలి

నాకు ఈత వచ్చు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పాపం ఈత రానివాడేమో అని ఎవరైనా నా మీద జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది. మా ఊరి చెరువులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎన్నిసార్లు పోయి వచ్చానో లెక్క లేదు. నాకు రానిది మునక. తల నీళ్ల కిందికి పోయిందంటే చాలు, గుండె దడదడలాడేది, ఎటు పైకో ఎటు కిందికో తెలిసేది కాదు. పెళ్లి మాటల నాడు ఈ సంగతి ఎవరూ అడగలేదు. “పిల్లగానికి ఈతస్తదా?” అని మాత్రం మా మామ అడిగాడు. మా నాయిన ఊరుకుంటాడా? “మావోడా! వాడు చేప. నీళ్లల్ల ఇడిసిపెడితే రెండు దినాలు బయటికి రాడు” అన్నాడు. నేను పక్కనే కూర్చుని మీసం దువ్వుకున్నాను. నా మొఖానికి మీసమొకటి!

మాది భువనగిరి దిక్కు. మేం సాలోళ్లం, ఇంట్లో రెండు గుంట మగ్గాలు ఆడేవి. అత్తగారి ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో, బస్సు దిగి రెండు కోసులు నడిస్తే గుట్టల నడుమ. వాళ్లదీ నేత ఇల్లే. పెళ్లి యాభై ఏడులోనో యాభై ఎనిమిదిలోనో అయింది, సరిగా గుర్తులేదు. గుర్తున్నది పెళ్లయిన మూడో నాటి పొద్దు. అరుగు మీద కూర్చుని ఉంటే మా బామ్మర్ది, అంటే మా ఆవిడ తమ్ముడు, వచ్చి ఒక కొత్త గోచిగుడ్డ నా ఒళ్లో పడేశాడు. అప్పుడతనికి పద్దెనిమిదేళ్లు. కొంగలాగా సన్నగా పొడుగ్గా ఉండేవాడు, నవ్వితే మొఖమంతా పళ్లే.

“లే బావా, గవిబాయికి పోదాం.”

“గదేం బాయిరా?”

“అయ్యో, నీకు ఎవ్వలు చెప్పలేదా? అల్లుడైతే ఉత్తగనే అయితరా?”

గవి అంటే గుహ. ఊరికి ఉత్తరాన బండ తొలిచి తవ్విన పెద్ద బావి ఒకటుంది. ఒక దిక్కు మెట్లు. మెట్లకు ఎదురుగా మోట కొట్టే దరి. అక్కడ రెండు పొడుగాటి బండలు నీళ్ల మీదికి చాచుకుని ఉంటాయి, వాటి కింద ఎప్పుడూ చీకటే. తూర్పు గోడలో, నీళ్లకు నిలువున్నర లోతున, ఒక మనిషి దూరేటంత బొంద ఉంది. అదే గవి నోరు. లోపల ఎంత దూరముందో ఎవరికీ తెలియదు. ఊట అందులోంచే వస్తుందనీ, అందుకే ఆ బావి ఏ ఎండాకాలమూ ఎండలేదనీ చెప్పుకునేవారు.

ఆ ఇంటి ఆచారం ఏమిటంటే, కొత్తల్లుడు మునిగి గవిలోంచి గుప్పెడు సుద్ద తేవాలి. తెల్లగా వెన్నలాగా ఉంటుంది ఆ సుద్ద. దాన్ని నీళ్లలో కలిపి అల్లుడి కుడి అరచేతికి పూసి, ఇంటి దర్వాజ పక్కన గోడకు అచ్చు వేయిస్తారు. మా మామ చెల్లెళ్ల మొగుళ్లవి, మా ఆవిడ అక్క భర్తది, అన్నీ వరుసగా ఉన్నాయి ఆ గోడ మీద. పండగలకు ఇల్లు అలికినా ఆ చేతుల చుట్టూ అలుకుతారు గానీ వాటిని ముట్టుకోరు. ఇది అల్లుళ్ల వంతు. ఇంటి కొడుకులు బావిలో ఎంతసేపైనా ఈదవచ్చు గానీ గవి జోలికి పోగూడదు.

తేలేకపోతే? దానికీ ఒక ఆచారముంది. అల్లుడి చేతులకు గాజులు తొడిగి, ఆడవాళ్ల మధ్య రాట్నం ముందు కూర్చోబెట్టి, పొద్దు గుంకేదాకా కండెలు చుట్టిస్తారు. అంతే. కొట్టరు, తిట్టరు. ఒక్క పూట నవ్వుతారు, సాయంత్రం పాయసం పెడతారు. ఆ ఒక్క పూట నవ్వు భరించి ఉంటే నేను ఇయ్యాల ఇది రాయాల్సిన పనే లేదు.

మెట్ల మీద పది పదిహేనుమంది మగవాళ్లు చేరారు. మా పెద్ద సడ్డకుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, కింది మెట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. తక్కువ మాట్లాడే మనిషి. “అల్లుడు దుంకుతున్నడు, లెక్కవెట్టుండ్రి!” అని ఎవడో అరిచాడు. అందరూ “ఒకటి, రెండు” అని మొదలుపెట్టారు. నేను ముక్కు పట్టుకుని దూకాను.

నీళ్ల చలికి చచ్చినంత పనైంది. గోడ పట్టుకుని తడుముకుంటూ దిగాను. చెయ్యి ఒక్కసారిగా గోడ లేని చోట పడింది. కళ్లు తెరిచి చూస్తే నల్లగా, ఏమీ లేదు. ఆ నల్లటిదాంట్లోంచి ఇంకా చల్లటి నీళ్లు వచ్చి నా మొఖానికి తగిలాయి. అంతే, నా పైప్రాణాలు పైనే పోయాయి. గోడను కాలితో తన్ని ఎటు వీలైతే అటు కొట్టుకుపోయాను. తల బయటపడ్డది మోటదరి బండల కింద, ఆ చీకటి మూలలో. మెట్ల మీదివాళ్లకు నేను కనబడను. వాళ్ల లెక్క మాత్రం వినబడుతోంది. అప్పటికి ముప్పై కూడా కాలేదు.

“నాతోని కాదు” అని ఒక్క కేక వేస్తే అయిపోయేది. వేయలేదు. బండ పట్టుకుని ముక్కు మాత్రం బయట పెట్టి రొప్పుతూ నిలబడ్డాను. లెక్క అరవై దాటింది. నవ్వుతూ లెక్కపెడుతున్నవాళ్లు మెల్లగా నవ్వడం మానేశారు. ఎనభై అయ్యేసరికి గొంతులు తగ్గాయి. ఎవరో “ఏందిరా, ఇంక రాడు” అన్నారు. మా బామ్మర్ది దూకబోతుంటే పట్టుకుని ఆపినట్టున్నారు, “ఇడువుండ్రి నన్ను” అని అరుస్తున్నాడు. ఇక ఆగితే దొరికిపోతాను. ఊపిరి బిగపట్టి మళ్లీ మునిగి, గోడ వెంట పోయి, గవి నోటి గడప మీద చెయ్యి పెట్టాను. అక్కడ సుద్ద మెత్తగా తగిలింది. గుప్పెడు తీసుకుని బావి నడుమ లేచాను.

ఒకటే కేకలు! నూట ఇరవై దాకా లెక్కపెట్టారట. బామ్మర్ది నన్ను కావలించుకుని ఏడ్చాడు. “గంతసేపు ఎట్లున్నవ్ బావా లోపల?” అన్నాడు.

సుద్ద తెచ్చాను, అది నిజం. గడప మీద తెచ్చానని చెబితే చాలు. కానీ నూట ఇరవై లెక్క ఉందిగా మధ్యలో. దానికి ఏం జవాబు చెప్పాలి? నా నోటికి ఏదొస్తే అది వచ్చేసింది. “లోపల గాలి ఉన్నది. గవి కప్పుకు, నీళ్లకు నడుమ జానెడు జాగా ఉన్నది. గాడ మూతి పెట్టి ఊపిరి తీసుకున్న.”

మా సడ్డకుడు చుట్ట నోట్లోంచి తీశాడు. “నేను పోయినప్పుడు లేకుండె.”

“మీరు కుడిదిక్కు చూసిండ్రు గావచ్చు అన్నా. ఎడమదిక్కు ఉన్నది.”

అబద్ధానికి దిక్కు కూడా పెట్టాను చూడండి. అందుకే నన్ను చేప అన్నారు కాబోలు.

ఆ మధ్యాహ్నం గోడకు నా చెయ్యి అచ్చు వేయించారు. తడి ఆరక ముందే మా సడ్డకుడు నన్ను పక్కకు పిలిచాడు. “తమ్ముడూ, సుద్ద గడప మీదనే ఉంటది. అందరం గాడనే తీసుకున్నం. లోపలికి ఎవ్వడు పోతడు, పానం మీదికి తెచ్చుకుంటానికి? నువ్వు ఖరే లోపలికి పోయినవా?” అన్నాడు. మెల్లగా, ఎవరికీ వినబడకుండా అడిగాడు. చెప్పుకోమని దారి చూపించాడు ఆయన. నేను ఆయన కళ్లలోకి చూసి “పోయిన” అన్నాను. ఆయన తలూపి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

తర్వాత ఏడేళ్లు ఆ అబద్ధాన్ని నేను సాకాను. అత్తగారింటికి పోయిన ప్రతిసారీ బామ్మర్ది మగ్గం ఆపి “బావా, ఇంకోపాలి చెప్పు” అనేవాడు. నేను చెప్పేవాణ్ని. మొదట జానెడు గాలి. మరుసటేడు కప్పు మీంచి చుక్కలు పడే చప్పుడు. ఆ తర్వాత ఏడాదికి సన్నటి వెలుతురు, తెల్లటి చేపలు. వాడు కళ్లు పెద్దవి చేసుకుని వినేవాడు. ఊళ్లో ఎవరైనా కాదంటే “మా బావ సొంతంగ చూసిండు” అని కొట్లాటకు పోయేవాడట. ఊళ్లోవాళ్లు నాకు ఎదురైతే “గవి అల్లుడు వచ్చిండు” అని మర్యాద చేసేవాళ్లు. సిగ్గనిపించేది కాదా అంటే, అనిపించేది. కానీ ఆ మర్యాద రుచి మరిగినవాణ్ని, ఏం చెప్పను. దర్వాజ దగ్గర ఆ చెయ్యి అచ్చు కనబడితే మాత్రం తల తిప్పుకుని లోపలికి పోయేవాణ్ని.

నేను ఇది చెబుతున్నప్పుడల్లా మా ఆవిడ లేచి వంటింట్లోకి పోయేది. విన్నదే విని విసుగొస్తోందేమో అనుకునేవాణ్ని.

ఏడేళ్లకు మా ఆవిడ చిన్న చెల్లెలి పెళ్లయింది. పెళ్లికొడుకు నల్లగొండలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. మగ్గం వదిలి పట్నం చేరిన కుటుంబం. తెల్లచొక్కా, పక్కపాపిడి, మెత్తటి మనిషి. ఈత అంతంతమాత్రమే వచ్చునని పెళ్లిలోనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. నాకంటే వెయ్యి రెట్లు నయం. అయినా మూడో నాడు గవిబావికి పోవాలనేసరికి అతని మొఖం తెల్లబోయింది.

ముందురోజు మా బామ్మర్ది అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ముగ్గుపిండితో నేల మీద గవి బొమ్మ గీశాడు. అప్పటికి బామ్మర్దికీ పెళ్లయింది, ఏడాది నిండని బిడ్డ కూడా. “ఫికర్ చేయకు బావా. గవి నోట్లకు దూరినంక ఎడమదిక్కు తిరుగు. రెండు మూరలు పోంగనే కప్పు ఎత్తుగ ఉంటది. గాడ మూతి పైకి పెట్టు, గాలి అందుతది. మంచిగ ఊపిరి తీసుకొని, సుద్ద తీసుకొని రా” అని చెబుతున్నాడు. అన్నీ నా మాటలే. నేను పెట్టిన దిక్కే, నేను పెట్టిన మూరలే. చెప్పి నా దిక్కు తిరిగాడు. “గంతేనా బావా?”

నేను తలూపాను.

ఆ తలూపడం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేను వాయించుకోవాలనిపిస్తుంది. మనసులో మాత్రం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంతకు ముందు అందరూ గడప మీదనే తీసుకున్నారు, ఇతనూ అంతే, లోపలికి ఎవడు పోతాడు అని. ఆ పట్నం మనిషి మాత్రం ముగ్గు బొమ్మను బడిలో పాఠంలాగా చూస్తూ “ఎడమదిక్కు, రెండు మూరలు” అని పెదాలతో అనుకుంటున్నాడు.

మరునాడు పొద్దున బావి దగ్గర పెళ్లి జనమంతా ఉన్నారు. మగవాళ్లు మెట్ల మీద. ఈసారి ఆడవాళ్లు కూడా వచ్చి పైన గట్టు మీద నిలబడ్డారు, సుద్ద కోసం ఇత్తడి తాంబాళం పట్టుకుని. మా ఆవిడ వాళ్లలో ఉంది. అత్త రాలేదు, ఇంటి దగ్గర వంట చూసుకుంటోంది. కొత్తల్లుడు గోచి బిగించుకుని నీళ్లను చూస్తూ వణుకుతున్నాడు. “గాజులు తేవాల్నా?” అని గట్టు మీంచి ఒక ముసలమ్మ అడిగింది. అందరూ నవ్వారు. అతను నవ్వలేదు.

బామ్మర్దికి అతన్ని చూస్తే జాలేసింది. చొక్కా విప్పేశాడు. “ఆగు బావా. ముందుగాల నేను పోయి, గా గాలి జాగల ఊపిరి తీసుకొని వస్త. నన్ను చూస్తే నీకు ధైర్యమొస్తది.”

“ఇంటి కొడుకులు పోవద్దు గద” అన్నాను. ఆచారాన్ని అడ్డం పెట్టుకుని వాణ్ని ఆపబోయాను. చెప్పవలసింది అది కాదు.

“అమ్మకు చెప్పకుండ్రి” అని నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేసి, “ఏడేండ్ల సంది చూడాలనుంది బావా, నువ్వు చెప్పిన జాగ” అన్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. వాడు దూకాడు.

జనం సంబరంగా లెక్క మొదలుపెట్టారు. ఇరవై, ముప్పై. వాడు గడప దగ్గరే భయపడి వచ్చేస్తాడు అనుకున్నాను. నలభై. వచ్చేస్తాడు. యాభై. తల ఎత్తితే గట్టు మీద మా ఆవిడ కనబడింది. అందరూ నీళ్లను చూస్తుంటే ఆమె ఒక్కతి నన్ను చూస్తోంది. చూపు తిప్పుకున్నాను. డెబ్బై. “ఊపిరి తీసుకుంటున్నడు, ఊపిరి తీసుకుంటున్నడు” అని ఎవడో చప్పట్లు కొట్టాడు. జనానికి భయం లేదు. లోపల గాలి ఉందని వాళ్లకు తెలుసు కదా. నేనే కదా చెప్పింది. ఆ బావి దగ్గర వాడు చచ్చిపోతున్నాడని తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను, తెలిసి కూడా నిలబడ్డాను. తొంభై. వంద.

నీళ్లలో బుడగలు లేచాయి. మా సడ్డకుడు చుట్ట పారేసి, పంచెతోనే దూకాడు. అప్పటికి ఆయనకు నలభై వచ్చాయి. ఆయన ఎవరి మాటా వినలేదు, ఏ గాలినీ నమ్మలేదు. కాసేపటికి బామ్మర్ది కాలు పట్టుకుని గవి నోట్లోంచి లాక్కొచ్చాడు. నలుగురం పట్టి మెట్ల మీద బోర్లా పడుకోబెట్టాం. అవును, పట్టుకోవడానికి మాత్రం నేను ముందున్నాను. వీపు నొక్కితే నీళ్లు కక్కాడు. నుదురు చీరుకుపోయింది, ఒక చెవిలోంచి నెత్తురు కారుతోంది. వేళ్ల చివర్లు బండకు గీరుకుని పచ్చి పుండ్లయ్యాయి. పైన గట్టు మీద ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారు.

కాసేపటికి కళ్లు తెరిచాడు. అప్పుడొక దరిద్రుడు అడిగాడు, “గాలి ఉన్నదా మరి?” అని.

బామ్మర్ది ఆ మాట వినగానే జనంలో నా కోసం వెతికాడు. నేను దొరికాను. ఆ చూపులో కోపం ఉంటే బతికిపోయేవాణ్ని. కోపం లేదు. మగ్గం మీద పోగు తెగితే ఎక్కడ తెగిందో చూసుకునేటప్పుడు చూస్తాం కదా, అట్లా చూశాడు. తర్వాత దగ్గుతూ చెప్పాడు. “ఉన్నది. బావ చెప్పింది ఖరే. నేనే దారి తప్పి కుడిదిక్కు పోయిన.”

వాడు ఎడమదిక్కే పోయాడు. మూడుసార్లు కప్పుకు మూతి ఆనించి గాలి కోసం వెతికాడట, ఇంకొంచెం పోతే దొరుకుతుందేమో అని ముందుకు పోయాడట. నా మాట మీద నమ్మకంతో ముందుకు పోయాడు. ఇది తర్వాత దవాఖానలో నేను అడిగితే చెప్పాడు. ఆ మెట్ల మీద మాత్రం, ఇంకా నీళ్లు కక్కుతూ, నా ఇజ్జత్ కాపాడటానికి అబద్ధమాడాడు.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. “ఇయ్యాల్టికి ఇడిసిపెట్టుండ్రి” అన్నాడు మా సడ్డకుడు. కానీ ఆ గుమాస్తా లేచి నిలబడ్డాడు. మొఖంలో నెత్తురు చుక్క లేదు. “నేను పోత. నా కోసం ఆయన గింత చేసిండు. ఇప్పుడు నేను పోకుంటే నా మొఖం యాడ పెట్టుకోవాలె? గాలి ఉన్నదంటున్నడు గద. ఎడమదిక్కు పోత” అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఆపబోయినా వినలేదు. నీళ్లలోకి మెట్టు దిగాడు. మోకాళ్ల దాకా నీళ్లు వచ్చాయి. నేను అతనికి మూడడుగుల దూరంలో ఉన్నాను. అంత భయంలోనూ వెనక్కి రాలేనివాడు ఎట్లా ఉంటాడో నాకంటే ఎవరికి తెలుసు? అతని మొఖంలో కనబడింది ఏడేళ్ల కిందటి నా మొఖమే. చెయ్యి చాచితే అందుతాడు. ఒక్క మాట అంటే ఆగుతాడు. ఇప్పుడంటాను, ఇప్పుడంటాను అని నోరు తెరుస్తూనే ఉన్నాను. నడుము దాకా దిగాడు.

“పోవద్దు మరిదీ! లోపల గాలి లేదు!”

అది మా ఆవిడ గొంతు. గట్టు అంచుకు వచ్చి నిలబడి ఉంది. ఆమె అంత గట్టిగా మాట్లాడటం నేను పెళ్లయ్యాక వినలేదు. జనమంతా తలెత్తారు.

“ఊకో అక్కా” అన్నాడు కింద పడుకున్న తమ్ముడు. “నేను చెప్తున్న గద, ఉన్నది.”

“నువ్వు ఊకోరా. ఇంకెవ్వలను చంపుతరు?” అంది. “గాయిన లోపలికి పోలేదు. మా పెండ్లైన మూడో నాడు నేను ఎవ్వలకు చెప్పకుంట వచ్చి, మోటదరి మీద తొట్టి చాటుకు బోర్ల పండుకొని, రెండు బండల సందులకెల్లి చూసిన. మొగడు ఎట్ల ఈదుతడో చూద్దామని. గా బండ కిందనే ఉన్నడు, ముక్కు బయట పెట్టి. నాకు చెయ్యి చాపితే అందెటంత దూరంల. గవిల గాలి లేదు, చేపలు లేవు, ఏం లేవు.”

అని కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి తిరిగి నడిచిపోయింది. గుమాస్తా నీళ్లలోంచి పైకి వచ్చేశాడు. ఎవరైనా నన్ను నాలుగు తిడితే బాగుండు, మా సడ్డకుడు చెంప మీద ఒకటి ఇస్తే ఇంకా బాగుండు అనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు. బామ్మర్దిని మంచం మీద వేసి ఎత్తారు. మంచం కోడొకటి పట్టుకుందామని పోతే ఎవరో మర్యాదగా, “నువ్వు ఉండు, మేం మోస్తం” అన్నారు. మంచం వెనక నడిచాను.

తాలూకా దవాఖానలో రెండు రోజులున్నాం. నుదుటికి కుట్లు పడ్డాయి. ఆ చెవి ఇక వినబడదని డాక్టరు చెప్పాడు. నేను బామ్మర్ది మంచం దగ్గర కూర్చుని “తప్పయింది” అన్నాను. వినబడని చెవి దిక్కు కూర్చున్నానని ఆలస్యంగా తెలిసింది. లేచి ఇటువైపు వచ్చి మళ్లీ అన్నాను. “పోనీ తియ్యి బావా” అన్నాడు. అప్పుడే అడిగితే గవిలో జరిగిందంతా చెప్పాడు. చెప్పి, “తెల్లచేపలు గూడ లేవా?” అన్నాడు. అడిగి నవ్వబోయాడు, కుట్లు లాగినట్టున్నాయి, నవ్వలేకపోయాడు. అత్త అన్నం గిన్నె తెచ్చి ఎప్పటిలాగే తలుపు చాటు నుంచి “అల్లున్ని ముందుగాల తినుమనుండ్రి” అంది. నేను గిన్నె మూత తీయకుండా కిటికీలో పెట్టాను.

మూడో నాడు మా ఆవిడా నేనూ మా ఊరికి బయల్దేరాం. దేవరకొండలో బస్సు ఎక్కినప్పటి నుంచీ ఆమె కిటికీలోంచి బయటికే చూస్తోంది. నల్లగొండ దాటింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, నా సిగ్గుమాలిన బుద్ధి పోనిచ్చుకోక, నేనొక మాట అన్నాను. “ఏడేండ్లు తెలిసి నాకు ఒక్క మాటన్న చెప్పకపోతివి. నాకే చెప్తే అయిపోవు గద” అన్నాను. తప్పంతా నాది పెట్టుకుని ఆమెను నిలదీశాను. ఇంతకంటే నీచం ఏముంటుంది?

ఆమె కిటికీ దిక్కు నుంచి తల తిప్పలేదు.

“నువ్వే చెప్తవని చూసిన. కొత్తల సిగ్గు పడుతున్నడు, రేపు చెప్తడు అనుకున్న. నువ్వు చేపలు గూడ తెస్తివి. నేను అడిగితే నీ తల వంగుతది. నీ అంతల నువ్వు చెప్పుకుంటే వంగది అనుకున్న.”

బస్సు నార్కట్‌పల్లిలో ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. “నీళ్లు తెస్త” అని లేవబోయాను. అప్పుడు నా దిక్కు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు.

“తమ్ముడు దుంకినప్పుడు గూడ నేను చెప్పలే. నీ మొఖమే చూసుకుంట నిలబడ్డ. ఇప్పుడన్న చెప్తడు, ఇప్పుడన్న చెప్తడు అని. వాళ్లు డెబ్బై అన్నరు, ఎనభై అన్నరు. నాకు నోరు లేదా? ఉన్నది. నీ ఇజ్జత్ నీ నోటితోని నిలుపుకుంటవని, నా తోడబుట్టినోన్ని నీళ్లల్ల మునగనిచ్చిన. పరాయి పిల్లగాడు దిగుతుంటె నోరొచ్చింది నాకు, నా తమ్మునికి రాలే.”

ఒళ్లో మూట సర్దుకుంది.

“నువ్వు వానికి తప్పయిందని చెప్పుకున్నవు. నేను యాడ చెప్పుకోవాలె?”

నేను నీళ్లకు దిగలేదు. బస్సు కదిలింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఒక ఇంట్లో ఉన్నాం, పిల్లల్ని పెంచాం, మగ్గాలు అమ్ముకున్నాం, ఆమె పోయింది. బామ్మర్ది నన్ను క్షమించాడు, ఊరు మరిచిపోయింది. ఆమె మాత్రం తమ్ముడు వచ్చినప్పుడల్లా, చచ్చేదాకా, అతనికి బాగున్న చెవి వైపే కూర్చునేది, మాట్లాడేటప్పుడు అతని మొఖంలోకి చూసేది కాదు.